జేసీబీతో పెరికించిన కంప రెట్టింపై మొలిచింది, వేర్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

బాగేపల్లి బీడు | శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేనుండేది బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో. బాగేపల్లి అవతల మా నాన్న వాటాకు వచ్చిన మూడెకరాల బీడు ఉంది. ఎర్రనేల, బోరు లేదు. నా చిన్నప్పుడు అక్కడ మోకాలెత్తు గడ్డి ఉండేది. నడుమ నడుమ ఒక తుమ్మ, ఒక వేప, అంతే. ఊళ్లో ఆవులన్నీ మేతకు అక్కడికే వచ్చేవి. తాత పోయాక పదిహేనేళ్లు ఆ నేల ముఖం ఎవరూ చూడలేదు. ఇప్పుడు అడుగు పెట్టే సందు లేదు, అంతా ముళ్లకంప.

పోయిన ఫిబ్రవరిలో జేసీబీ పెట్టి రెండు రోజులు పెరికించాను. కుప్పలు పోసి కాల్పించాను. నేల చదునుగా, శుభ్రంగా కనిపించింది. జూన్‌లో రెండు వానలు పడగానే మళ్లీ మొదలు. మొన్న ఒకచోట పది అడుగులకు పది అడుగులు తాడు కట్టి లెక్కపెట్టాను. అదే చోట ముందు నాలుగు పొదలుండేవి, ఫోన్లో ఫొటో ఉంది. ఇప్పుడు నలభై మూడు మొలకలు. డబ్బు పోయిందన్న బాధ కన్నా, నాన్న ఫోన్ చేసి "గడ్డి వచ్చిందా?" అని అడిగినప్పుడు చెప్పలేకపోవడమే కష్టంగా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

సర్జాపూర్ చందు | శనివారం రాత్రి 10:31

అన్నా, మాది కోలారు వైపు రెండెకరాలు. నేనూ జేసీబీతోనే తీయించాను, మూడేళ్లయింది, మళ్లీ రాలేదు. అక్కడక్కడ విత్తనం మొలకలు వస్తే చేత్తో పీకేస్తున్నాం. మీ డ్రైవర్ పైపైన గీకి వెళ్లిపోయి ఉంటాడు. మోడుతో సహా అడుగున్నర లోతు నుంచి లేపాలి. పైన నరికితే మాత్రం ఒకటికి పది వస్తాయి.

జీకేవీకే హాస్టల్ | శనివారం రాత్రి 11:05

చందు గారు చెప్పింది సర్కారు తుమ్మకు సరిగ్గా సరిపోతుంది. అనంతపురం వైపు సర్కారు కంప అని, కన్నడలో బళ్లారి జాలి అని అనేది దాన్నే. అది కొమ్మ నరికితే చావదు. కాండం, తల్లివేరు కలిసేచోట, మట్టికి కాస్త కిందుగా, వేరుకు మెడ లాంటి భాగం ఉంటుంది. నిద్రపోయే మొగ్గలన్నీ అక్కడే దాక్కుని ఉంటాయి. గొడ్డలి దెబ్బ వాటికి తగలదు, మంట వేడి కూడా అంత లోపలికి దిగదు. పైభాగం పోయిన మరుక్షణం అవి లేస్తాయి. కానీ ఆ మెడకు దిగువన తల్లివేరును తెగ్గొడితే, మిగిలిన వేరుకు మళ్లీ మొలిచే శక్తి లేదు. అందుకే చందు గారికి జేసీబీ పనిచేసింది.

ఇంకో సంగతి మన తెలుగువాళ్లకు తెలియాల్సింది. ఈ చెట్టు మన దేశానికి వచ్చిన తొలి రోజుల్లో నాటిన చోటు కడప జిల్లా కమలాపురం. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ విత్తనాలు కావాలని ప్రభుత్వాన్ని అడిగాడు, 1877లో అక్కడ వేశారు. వంటచెరకు కోసం, ఎండకు తట్టుకుంటుందని తెచ్చిన చెట్టు అది. ఆ జాతి వేర్లు ఎంత లోతుకు పోతాయో అమెరికాలోని అరిజోనాలో గనులు తవ్వేటప్పుడు బయటపడింది: 50 మీటర్లకు పైగా. మన బావుల కన్నా లోతు.

బాగేపల్లి బీడు | శనివారం రాత్రి 11:20

తమ్ముడూ, థాంక్స్. కానీ నేను దగ్గరుండి చూశాను. డ్రైవర్ రెండడుగుల గొయ్యి చేసి ఒక్కో మోడును లేపాడు. గోతుల్లో నుంచి మాత్రమే కాదు, గోతికి ఆరేడు అడుగుల దూరంలో, అసలు ముందు ఏ పొదా లేనిచోట కూడా వచ్చాయి. అదే అర్థం కావట్లేదు.

మల్లేశ్వరం వరలక్ష్మి | ఆదివారం ఉదయం 6:48

నాయనా, అందరూ కంప కంప అంటున్నారు గానీ అది ఏ కంపో ఎవరూ అడగలేదు. మాది మదనపల్లె దగ్గర పల్లె. పెళ్లయి బెంగళూరొచ్చి నలభై ఏళ్లయినా చేను మర్చిపోలేదు. రెండు మూడు సంగతులు చూసి చెప్పు. ముల్లు విడిగా జంటగా ఉందా, లేక చిన్న రెమ్మే కొసన ముల్లయి, దాని మీదే ఆకులున్నాయా? కాయ పచ్చగా పొడుగ్గా చిక్కుడులా ఉందా, మెలికలు తిరిగి గుత్తిగా ఉందా? పువ్వు కనిపిస్తే రంగు చెప్పు.

బాగేపల్లి బీడు | ఆదివారం రాత్రి 9:15

అమ్మా, మీ మాట చదివి ఈరోజు పొద్దున్నే బయల్దేరి వెళ్లాను. పార, గడ్డపార, మా అబ్బాయి స్కూలు స్కేలు తీసుకెళ్లాను.

ముల్లు మీరు చెప్పినట్టే: రెమ్మ కొస గట్టిపడి ముల్లయింది, దాని మొదట్లోనే ఆకులు మొలిచాయి. గట్టు పక్కన జేసీబీ తాకని పొద ఒకటి ఉంది, దానికి పూలున్నాయి. వేలాడే చిన్న కుచ్చు, పైసగం లేత గులాబీ వంకాయ రంగు, కిందిసగం పసుపు. ఒకే పువ్వులో రెండు రంగులు, చాలా అందంగా ఉంది. కాయలు మెలికలు తిరిగి ముద్దగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

తర్వాత ఒక మొలక చుట్టూ మట్టి తీశాను. చెయ్యి పెట్టి పైకి లాగితే రాలేదు. విత్తనం నుంచి వచ్చిన మొక్కయితే తల్లివేరు నిట్టనిలువుగా కిందికి పోవాలి కదా. దీనికి కిందికి పోయే వేరే లేదు. జానెడు లోతులో చిటికెన వేలంత లావు వేరు ఒకటి అడ్డంగా పడి ఉంది, మొలక దాని వీపు మీద నిలబడి ఉంది. ఆ అడ్డవేరు వెంట మట్టి తీసుకుంటూ పోయాను. అరగజానికి ఇంకో మొలక, ఆ పక్కన మరొకటి. దండెం మీద క్లిప్పులు పెట్టినట్టు ఒకే వేరు మీద వరసగా ఏడు మొలకలు. పన్నెండు అడుగులు తవ్వాక వేరు తెగిపోయి ఉంది, అక్కడ జేసీబీ పళ్ల గాటు స్పష్టంగా కనిపించింది. ఆ గాటు దగ్గరే తెల్లని బుడిపెలు, ఆవగింజలంత, గుంపుగా ఉన్నాయి. గోటితో గిల్లితే లోపల లేత పచ్చ. అవి కూడా మొలవడానికి సిద్ధంగా ఉన్నాయి.

చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. నేను నలభై మూడు మొక్కలు లెక్కపెట్టాననుకున్నాను, అవి బహుశా ఐదారు చెట్లే.

మల్లేశ్వరం వరలక్ష్మి | ఆదివారం రాత్రి 9:40

అది వెలుతురు చెట్టు నాయనా. మా నాన్న గొడ్డలి కామకు, పార కామకు అదే కర్ర వాడేవాడు, అంత గట్టి. వైద్యంలో వీరతరువు అంటారు. మన నేల చెట్టే, ఎవరో ఓడలో తెచ్చింది కాదు. కానీ దుక్కి దున్నే చేనులో ఇది కనిపిస్తే నాన్న ఆ పక్కకు నాగలి పోనిచ్చేవాడు కాదు. "వేరు తెగితే పిల్లలు పెడుతుంది" అనేవాడు. ఎందుకో నాకు తెలియదు, ఆయన మాట గుర్తుంది.

యలహంక గడ్డినేల | సోమవారం రాత్రి 8:22

వరలక్ష్మి గారి నాన్నగారి మాట అక్షరాలా నిజం. ఇదే చెట్టు ఆఫ్రికా పచ్చికబయళ్లలో కూడా సొంత చెట్టు, అక్కడా ఇదే సమస్య. నేను చదువుకున్నది ఈ విషయమే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పొదలు రెండోసారి మొలిచే తీరు అన్నిటిదీ ఒకటి కాదు. సర్కారు తుమ్మ మొగ్గలు వేరు మెడ దగ్గర పోగై ఉంటాయి. వెలుతురు అలా కాదు. దాని పక్కవేర్లు నేలకు దగ్గరగా, అడ్డంగా పాకుతాయి, వాటి పొడవునా ఎక్కడైనా కొత్త మొగ్గ పుట్టగలదు. అరటికి, వెదురుకు పిలకలొస్తాయని మనకు తెలుసు. ఇక్కడ పిలక వచ్చేది దుంప నుంచి కాదు, నికార్సైన వేరు నుంచి. అందుకే చందు గారి నేలలో పనిచేసిన జేసీబీ మీ నేలలో నష్టం చేసింది. అది వేరును తీయలేదు, ముక్కలు చేసి పంచింది. తడి తగిలిన ప్రతి ముక్కా ఒక మొక్కే.

చెట్టు నిలబడి ఉన్నంతకాలం ఆ మొగ్గలు ఎందుకు లేవవు? కొమ్మల కొసల్లో ఆక్సిన్ అనే హార్మోన్ తయారై కిందికి దిగుతూ ఉంటుంది. అది కింది మొగ్గలను జోకొడుతూ ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు పిల్లలు గట్టిగా అరవరు కదా, అలాంటిది. కొస నరికితే, లేదా వేరు తెగితే, ఆ జోకొట్టే చెయ్యి ఆగిపోతుంది. వేర్లలో తయారయ్యే సైటోకైనిన్ అనే మరో హార్మోన్‌ది పైచేయి అవుతుంది, మొగ్గలు లేస్తాయి. మీరు చూసిన ఆవగింజలంత బుడిపెలు అవే. గాయం దగ్గరే గుంపుగా ఉండటం కూడా అందుకే.

లేచిన మొగ్గకు తిండి కావాలి. ఆకులు లేవు కాబట్టి ఆ తిండి వేర్లలో దాచుకున్న పిండిపదార్థం. వానాకాలమంతా ఆకులు వండి వేర్లకు పంపుతాయి. ఎండాకాలంలో ఆకు రాల్చేముందు గాదె నిండా ఉంటుంది. మీరు జేసీబీ పెట్టింది ఫిబ్రవరిలో, అంటే గాదె నిండి ఉన్న సమయంలో. గాదె ఖాళీగా ఉండేది కొత్త చిగురు వేసి, ఆకులు అప్పుడే విప్పారినప్పుడు. అప్పుడు నరికితే దాచింది ఖర్చయిపోయి ఉంటుంది, కొత్తది ఇంకా చేరి ఉండదు. పిలకకు ఆకులు విప్పారిన ప్రతిసారీ, మళ్లీ నింపుకోక ముందే కోస్తూ పోవాలి. ఒక్క దెబ్బతో అయ్యే పని కాదు. రెండు మూడేళ్లు వదలకుండా చేస్తే వేరు అలిసిపోతుంది.

బాగేపల్లి బీడు | సోమవారం రాత్రి 8:50

ఫిబ్రవరిలో పని ఉండదు కాబట్టి మెషిన్ తక్కువకు దొరికింది సార్. అందరూ అప్పుడే చేయిస్తారు.

యలహంక గడ్డినేల | సోమవారం రాత్రి 9:02

అవును, తప్పు మీ ఒక్కరిది కాదు. పెద్ద పెద్ద దేశాలే ఇందులో చిక్కుకున్నాయి. క్యూబాలో ఈ వెలుతురునే మరబూ అంటారు. అక్కడికి 19వ శతాబ్దంలో బయటి నుంచి వచ్చింది. 1990ల్లో సోవియట్ సాయం ఆగి చెరకు పొలాలు బీడు పడ్డాక ఒక్కసారిగా కమ్ముకుంది, పది లక్షల హెక్టార్లకు పైగా. 2007 జూలై 26న అప్పటి క్యూబా తాత్కాలిక అధ్యక్షుడు రావుల్ కాస్ట్రో జాతినుద్దేశించి చేసిన ప్రసంగంలో రోడ్డు పొడవునా కనిపించిన మరబూ గురించే మాట్లాడాడు. తర్వాత దాన్ని బొగ్గుగా కాల్చి అమ్మడం మొదలుపెట్టారు. 2017 జనవరిలో, యాభై ఏళ్ల తర్వాత క్యూబా నుంచి అమెరికాకు వెళ్లిన తొలి ఎగుమతి ఆ బొగ్గే.

నమీబియాలో ఈ చెట్టుతో పాటు నల్లముల్లు తుమ్మ లాంటివి కలిసి కోట్ల హెక్టార్ల గడ్డి మైదానాలను మింగాయి. మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకి 2022 సెప్టెంబర్‌లో ఎనిమిది చీతాలు వచ్చాయి కదా, అవి అక్కడివే. చీతా పరుగెత్తి వేటాడే జంతువు. పొదలు దట్టమైతే పరుగుకు చోటుండదు, ముళ్లు కళ్లకు గుచ్చుకుంటాయి. అందుకే అక్కడి చీతా సంరక్షణ సంస్థే పొదలు కొట్టించి, పొడి చేసి, పొయ్యిలోకి దుంగలుగా వత్తి అమ్ముతోంది.

హెబ్బాళ్ సుమతి | మంగళవారం ఉదయం 7:30

చదువుతుంటే నాకు మనసు ఒప్పుకోవట్లేదు. వెలుతురు మన చెట్టే అని వరలక్ష్మమ్మ గారే అన్నారు. దాని పూలకు తేనెటీగలు వస్తాయి, మేకలు ఆకు తింటాయి, మందుకు పనికొస్తుంది. పప్పుజాతి చెట్టు కాబట్టి నేలకు నత్రజని కూడా ఇస్తుంది. బెంగళూరులో ఒక్క చెట్టు కొట్టినా ధర్నా చేసేవాళ్లం మనం. మూడెకరాల పచ్చదనాన్ని పీకి గడ్డి పెంచడం ఏం పర్యావరణం?

యలహంక గడ్డినేల | మంగళవారం రాత్రి 9:45

సుమతి గారూ, మీ ప్రశ్న నాకు చాలా ముఖ్యం. ఎందుకంటే ఈ ఒక్క అభిప్రాయం వల్లే మన గడ్డినేలలు పోతున్నాయి. చెట్టుంటే అడవి, గడ్డి ఉంటే బంజరు అని రెవెన్యూ రికార్డుల్లో రాసుకున్నాం. బ్రిటిష్ వాళ్లు శిస్తు రాని నేలను బంజరన్నారు, మనం ఆ మాట అలాగే ఉంచుకున్నాం. బాగేపల్లి గారి తాత కాలంలో ఉన్నది బంజరు కాదు. గడ్డి నడుమ దూరదూరంగా చెట్లున్న నేల. సవానా అంటే అదే. ఆ నేలకు జింక, తోడేలు, గుంటనక్క, గడ్డిలో గుడ్లు పెట్టే పిట్టలు అలవాటు పడ్డాయి. పొద కమ్మితే గడ్డికి ఎండ తగలదు. గడ్డి పోతే వాటికి ఇల్లు పోతుంది. బెంగళూరు పక్కనే హెసరఘట్ట గడ్డినేల ఉంది, ఒకసారి ఉదయం ఆరింటికి వెళ్లి చూడండి. అక్కడ చెట్లు నాటాలని వచ్చిన ప్రయత్నాలను ఆపడానికి పక్షిప్రేమికులు ఎన్నేళ్లు పోరాడారో!

మరి సొంత చెట్టు సొంత నేల మీదే ఎందుకు విరుచుకుపడుతుంది? గడ్డి, పొద మధ్య ఎప్పుడూ ఒక తూకం ఉంటుంది. జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఉన్న ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేసే మహేశ్ శంకరన్, ఇంకా చాలామంది శాస్త్రవేత్తలు కలిసి 2005లో ఆఫ్రికాలోని 854 చోట్ల లెక్కలు తీశారు. ఏటా సుమారు 650 మిల్లీమీటర్ల లోపు వాన పడేచోట చెట్లు కమ్మడానికి నీరే హద్దు వేస్తుంది. అంతకు మించి పడేచోట నీరు ఆపదు, మంట, మేసే జంతువులు ఆపాలి. అది ఆఫ్రికా లెక్క, బాగేపల్లికి అచ్చుగుద్ది వేయలేం. కానీ ఆలోచన పనికొస్తుంది.

గడ్డి బాగా ఉన్నచోట ఎండాకాలంలో తరచూ మంట పాకుతుంది. గడ్డి త్వరగా మళ్లీ లేస్తుంది, పొద పిలక కాలిపోయి వేరు దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి. అలా మనిషెత్తు దాటకుండా ఏళ్ల తరబడి మంట ఎత్తులోనే ఇరుక్కుపోయి ఉంటుంది. వేరు మాత్రం కింద ముదురుతుంటుంది. మేత ఎక్కువై గడ్డి పోయిందనుకోండి, మంటకు ఆహారం లేదు, పిలక తప్పించుకుంటుంది. ఒకసారి ఆ ఎత్తు దాటితే మంట దాన్ని ఏమీ చేయలేదు.

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరగడం కూడా పొదకే కలిసొస్తుంది. పరిశ్రమల ముందు కాలంలో పది లక్షలకు 280 వంతులు ఉన్నది ఇప్పుడు 420 దాటింది. దక్షిణాఫ్రికాలో తుమ్మ మొక్కలను ఎక్కువ వాయువులో పెంచి చూశారు, 2010లో ఫలితాలు వచ్చాయి. మొక్క బాగా పెరగడమే కాదు, వేర్లలో పిండిపదార్థం కూడా ఎక్కువ చేరింది. అంటే పైన నరికినా, కాల్చినా మళ్లీ లేచే బలం ఎక్కువ. మన తాతలు కొట్టిన పొద కన్నా మనం కొడుతున్న పొదకు గాదె పెద్దది.

కనకపుర రోడ్ రాజు | మంగళవారం రాత్రి 10:20

మంట గురించి ఒక మాట. కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్ట అడవుల్లో సోలిగ గిరిజనులు పూర్వం ఎండాకాలం మొదట్లో 'తరగు బెంకి' అని ఎండుటాకుల చిన్న మంట పెట్టేవాళ్లు. 1974లో అది అభయారణ్యమయ్యాక ఆ మంట ఆపేశారు. ఆ తర్వాతే లాంటానా కమ్ముకుందని వాళ్ల పెద్దలు చెబుతారు. చిత్తూరు వైపు మనం పులికంప అంటామే, అదే లాంటానా. మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో నలభై శాతానికి పైగా అది ఉందని 2020లో లెక్కగట్టారు.

దాన్ని తీయడానికి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు గారి బృందం ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవిలో ఒక పద్ధతి చేసి చూపించింది. పైన నరకరు, మొత్తంగా తవ్వరు. మట్టికి కాస్త కింద తల్లివేరును పలుగు లాంటి పనిముట్టుతో తెగ్గొట్టి, పొదను ఎత్తి తలకిందులుగా పెడతారు. మొలిచే మొగ్గలన్నీ పైముక్కలోనే ఉంటాయి, తలకిందులైతే వేరు మళ్లీ మట్టిని అందుకోలేదు. నేల కదలదు కాబట్టి కొత్త విత్తనాలు లేవవు. లాంటానా కర్రతో సోలిగలు కుర్చీలు కూడా చేస్తున్నారు. లాల్‌బాగ్‌లో లాంటానా ఏనుగుల బొమ్మలు పెట్టినప్పుడు మా పిల్లలను తీసుకెళ్లాను. ఏనుగు తినే గడ్డిని చంపిన మొక్కతోనే ఏనుగును చేశారని మా పాప ఇప్పటికీ అడుగుతుంది.

యలహంక గడ్డినేల | మంగళవారం రాత్రి 10:41

రాజు గారూ, చాలా మంచి పద్ధతి. కానీ బాగేపల్లి గారు దయచేసి అది వెలుతురు మీద చేయకండి. లాంటానాకు మొగ్గలు మెడ దగ్గర, వెలుతురుకు పక్కవేర్ల నిండా. అలాగే మీరు ఒక్కరే మంట కూడా పెట్టకండి. ఇప్పుడు మీ నేలలో మంట పాకే గడ్డి లేదు, ఉత్త పొద కాలితే పిలకలు ఇంకా ఎక్కువ వస్తాయి. పక్కన ఎవరిదైనా టమాటా ఉంటే అంటుకుంటుంది కూడా.

సర్జాపూర్ చందు | బుధవారం మధ్యాహ్నం 1:15

మరి గ్లైఫోసేట్ కలుపుమందు కొడితే? వేరుకు దిగి చంపుతుంది కదా.

జీకేవీకే హాస్టల్ | బుధవారం మధ్యాహ్నం 1:50

2022 అక్టోబర్‌లో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది అన్నా. పైగా పిచికారీ చేస్తే ముందు పోయేది గడ్డి, మనకు కావాల్సింది అదే. నమీబియాలో నేలలో వేసే మందులు వాడినచోట ఉంచాల్సిన పెద్ద చెట్లు కూడా చచ్చాయి, వాటి వేర్లు కూడా అక్కడిదాకా పాకి ఉంటాయి కాబట్టి.

మల్లేశ్వరం వరలక్ష్మి | బుధవారం సాయంత్రం 5:30

మందులెందుకు, మేకలున్నాయిగా. లేత పిలక అంటే మేకకు ప్రాణం. కానీ కాయ పండే నెలలో మాత్రం తోలకు. కాయ తిన్న పశువు ఎక్కడ పేడ వేస్తే అక్కడ మొలుస్తుంది. మీ నేలకు ఆ చెట్టు వచ్చింది కూడా అలాగే అయ్యుంటుంది, తాత కాలంలో ఊరి ఆవులన్నీ అక్కడికే వచ్చేవన్నావుగా.

యలహంక గడ్డినేల | బుధవారం రాత్రి 8:10

అమ్మ చెప్పింది ఎంత సరైనదో! విత్తనం పైపొట్టు రాయిలా ఉంటుంది. పశువు కడుపులో ఆ పొట్టు మెత్తబడి, పేడ ఎరువుతో సహా నేల మీద పడుతుంది. ఆవు సరిగా నమలదు, చాలా విత్తనాలు చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి. మేక ఎక్కువ నమిలి పాడుచేస్తుంది. అయినా కాయలున్న చోట మేసిన మందను మీ నేలకు తోలేముందు నాలుగైదు రోజులు దొడ్డిలో ఉంచమనండి. చెట్టు మొదట రావడం విత్తనంతో, నేలను ఆక్రమించడం వేరుతో. రెండు దార్లూ మూయాలి.

సుమతి గారి మాటకూ చోటుంది. గట్టు పొడవునా ఉన్న పాత పొదలను ఉంచండి. తాకకపోతే అవి పిలకలు పెట్టే తొందరలో ఉండవు, కంచెగా పనికొస్తాయి. కాయలు మాత్రం ఎండకముందే కోసేయండి.

హెబ్బాళ్ సుమతి | బుధవారం రాత్రి 9:00

గట్టు చెట్లు ఉంచుతానంటే నాకు సంతోషం. హెసరఘట్టకు ఈ ఆదివారం మా వారితో వెళ్తున్నాను. చూసి వచ్చి రాస్తాను.

బాగేపల్లి బీడు | నాలుగు నెలల తర్వాత, ఆదివారం రాత్రి 9:30

ఇన్నాళ్లు రాయలేదు, చేసి చూపించాక రాద్దామనుకున్నాను.

ఆగస్టు నుంచి మూడుసార్లు కోశాం. పిలకకు ఆకులు విప్పారేదాకా ఆగి, మచ్చుకత్తితో నేలకు సమంగా. తవ్వలేదు, వేరును కదిలించలేదు. ఊళ్లో ఒకాయనకు ముప్పై మేకలున్నాయి, కోతకు కోతకు మధ్య వారానికి రెండు రోజులు తోలుతున్నాడు. డబ్బు తీసుకోలేదు, మేత దొరికితే చాలన్నాడు.

పాత తాడు అదే చోట కట్టాను. నలభై మూడు కాదు, ఇరవై తొమ్మిది ఉన్నాయి. తేడా సంఖ్యలో కన్నా పిలకలో ఎక్కువ కనిపిస్తోంది. మొదట్లో పది రోజులకే జానెడు లేచేవి, ముదురు పచ్చగా, లావుగా. ఇప్పుడు మూడు వారాలకు బెత్తెడే వస్తున్నాయి. కాడ అగ్గిపుల్లంత సన్నం, ఆకు పాలిపోయి ఉంది. మొన్న ఒక అడ్డవేరు మీద కొద్దిగా మట్టి తీసి చూశాను. ఆషాఢంలో గోటితో గీస్తే గట్టిగా, తడిగా ఉండేది. ఇప్పుడు బెరడు కింద మెత్తబడింది. యలహంక సార్, గాదె ఖాళీ అవుతోందనే అనుకుంటున్నాను.

మొలకల మధ్య గరిక పాకింది. తూర్పు మూల పదడుగుల మేర పాత గడ్డి కూడా వచ్చింది, మా ఊళ్లో బోద అంటారు, మోకాలికి కొంచెం కింద. దాని వీడియో తీసి నాన్నకు పంపాను. ఆయన కళ్లు సరిగా కనబడవు, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని రెండుసార్లు పెట్టించుకున్నారట. తర్వాత ఫోన్ చేసి, ఆ మూలలోనే తాత ఎడ్లు కట్టేవాడని చెప్పారు.

వచ్చే చిగురు ఏప్రిల్, మే వానలకు వస్తుంది. నాలుగో కోత అప్పుడు. ఎవరైనా రాదలిస్తే చెప్పండి, కార్లో ముగ్గురికి చోటుంది. చందూ, నీ జేసీబీ మాత్రం తేవద్దు.

సర్జాపూర్ చందు | ఆదివారం రాత్రి 9:52

వస్తాను అన్నా. మచ్చుకత్తి తెస్తాను.

మల్లేశ్వరం వరలక్ష్మి | ఆదివారం రాత్రి 10:05

నన్నూ తీసుకెళ్లు నాయనా. గట్టు మీద పొదకు ఒక కొమ్మ వంకర లేకుండా ఉంటే చూసి ఉంచు, మా మనవడి పారకు కామ కావాలి.